లక్ష సరస్సుల ప్రావిన్స్ అన్నారు, రిజైనా చుట్టూ ఒక్కటీ కనబడదేమిటి?

కొత్తకాపురం
కెనడాలోని ఈ సస్కాచెవాన్ ప్రావిన్స్‌లో లక్ష సరస్సులున్నాయని ఇక్కడికి వచ్చేముందు ఎక్కడ చూసినా చదివాను. బండి నంబరు పలక మీద మాత్రం ఆకాశం గొప్ప గురించే రాసి ఉంటుంది, అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాజధాని రిజైనాలో ఇది మాకు రెండో వేసవి. ఏ దిక్కుకు బండి తోలినా గంటసేపు కనోలా (ఆవాల వంటి నూనెగింజ), మైసూరు పప్పు చేలు, మధ్యమధ్య తుంగ మొలిచిన నీటి గుంటలు. ఊళ్ళో వస్కానా లేక్ ఉంది. అందులో దిగి ఈదనివ్వరు. గట్టు మీద నడుద్దామంటే ఆ పెద్ద బాతులు నడవనివ్వవు. పిల్లలేమో నీళ్ళలో ఆడుకోవాలని ప్రాణం తీస్తున్నారు. ఆఫీసులో అడిగితే "ఉత్తరానికి వెళ్ళండి" అన్నారు. ఎంత దూరమంటే ఆరు గంటలట. లక్షలో ఒక్కటైనా గంటన్నర దూరంలో లేదా?

కొల్లేటి_కొంగ
ఉన్నాయి. మీరు పుట్టక ముందు నుంచీ ఉన్నాయి. మీరు ఇల్లు తీసుకున్న వైపు లేవు, అంతే.

సస్కటూన్_సత్యం
ప్రావిన్స్ పటం తీసి లా రాంజ్ ఊరి మీదుగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక గీత గీయండి. దానికి ఉత్తరాన ఉన్నదంతా కెనడియన్ షీల్డ్, కోట్ల ఏళ్ళ నాటి గట్టి రాయి. మంచుయుగంలో హిమానీనదాలు ఆ రాతిని గీరి గుంటలు చేసి పోయాయి. నీరు ఇంకదు, చలికి ఆవిరీ పెద్దగా కాదు, అందుకే గుంటలన్నీ సరస్సులయ్యాయి. మీ లక్షలో చాలా మటుకు అక్కడివే. మనం ఉండే దక్షిణాన హిమానీనదాలు మట్టిని పరిచి వెళ్ళాయి. ఆ మట్టి వల్లే పంటలు, ఆ పంటల వల్లే మన ఉద్యోగాలు, కాబట్టి మరీ తిట్టకండి.

అన్నిటికంటే పెద్దది అథబాస్కా, పడమటి పొరుగు ప్రావిన్స్ ఆల్బర్టాతో పంచుకున్నది. విస్తీర్ణం సుమారు 7,850 చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి నిజామాబాద్ జిల్లా మొత్తం నీళ్ళలో ఉన్నట్టు. తరువాత రెయిన్‌డీర్ లేక్, దాని తూర్పు అంచు పక్క ప్రావిన్స్ మానిటోబాలో ఉంది. అందులో డీప్ బే అని ఒక గుండ్రటి అఖాతం ఉంది, వెడల్పు పదమూడు కిలోమీటర్లు, లోతు 220 మీటర్లు. ఉల్క పడి ఏర్పడిన గొయ్యి అది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది వొలాస్టన్. ఆ ఒక్క సరస్సులోంచి నీళ్ళు రెండు దారుల్లో పోతాయి. ఫాన్ డ్యు లాక్ నది పట్టుకుని అథబాస్కా మీదుగా మెకెంజీలో కలిసి ఆర్కిటిక్‌కు కొన్ని, కోక్రాన్ నది పట్టుకుని రెయిన్‌డీర్ లేక్, చర్చిల్ నది మీదుగా హడ్సన్ బేకు కొన్ని. ఇలా సహజంగా రెండు వైపులా పారే సరస్సుల్లో ఇంత పెద్దది ప్రపంచంలో ఇంకొకటి లేదు.

కొత్తకాపురం
సత్యం గారూ, భూగోళం పాఠం బాగుంది. పిల్లల్ని ఆదివారం ఎక్కడికి తీసుకెళ్ళాలి?

చెరువుగట్టు
ముందు వస్కానాను చులకన చేసినందుకు మీ మీద నాకు కోపం ఉంది. అది మన ఊరి చెరువు లాంటిదే. 1883లో వాగుకు అడ్డంగా కట్ట వేసి నిలిపిన నీళ్ళు. 1930ల మాంద్యంలో పని లేని వాళ్ళ చేత పారలతో, గుర్రపు బండ్లతో పూడిక తీయించారు. ఆ మట్టితో వేసిన దీవులే ఇప్పుడు చెట్లతో కనిపిస్తున్నాయి. మళ్ళీ పూడిపోతే 2004లో యంత్రాలు దించి లోతు చేశారు. కరువు పని చేయించి చెరువు బాగు చేసుకున్న ఊరిని చూసి మనం సిగ్గుపడాలి. హైదరాబాద్‌లో మనం చెరువులు పూడ్చి ప్లాట్లు వేశాం.

కొల్లేటి_కొంగ
బాతుల రెట్ట సంగతి దాటేశారు.

చెరువుగట్టు
బాతులు మనకంటే ముందు వచ్చాయి. వాటికి వీసా అక్కరలేదు.

ఉప్పుచేప
ఆదివారానికి నా మాట వినండి. వాట్రస్ పక్కన లిటిల్ మానిటూ లేక్. రిజైనా నుంచి రెండు గంటలు, సస్కటూన్ నుంచి గంటన్నర లోపే. సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పు. ఈత రాకపోయినా మునగరు. మా నాన్నగారు గోదావరి జిల్లా మనిషి అయ్యుండీ జీవితంలో ఈత నేర్చుకోలేదు. ఆయన ఆ నీళ్ళ మీద వెల్లకిలా పడుకుని గంటసేపు ఒడ్డుకు రానన్నారు. నిలబడదామన్నా కాళ్ళు పైకి లేచిపోతాయి. రెండు జాగ్రత్తలు: ఒంటి మీద గాయం ఉంటే దిగవద్దు, ముఖం మీద చల్లుకోవద్దు. మా చిన్నవాడు కళ్ళలో చల్లుకుని ఊరంతా వినబడేలా ఏడ్చాడు.

ఒడ్డున 1928లో కట్టిన డాన్స్‌ల్యాండ్ అనే నాట్యశాల ఉంది. నేల చెక్కల కింద గుర్రపు వెంట్రుకలు పరిచి కట్టారు, అడుగు వేస్తే కొద్దిగా లోపలికి దిగి మళ్ళీ పైకి తోస్తుంది. అదీ చూసి రండి.

పాలమూరు_పిల్ల
ఉప్పుచేప గారూ, ఆ ఊరి పేరు చెప్పి మీ హ్యాండిల్‌కు న్యాయం చేశారు. మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయంటారు, నిజమేనా? అత్తయ్యగారిని తీసుకెళ్దామని.

ఉప్పుచేప
నొప్పులు, చర్మవ్యాధులు అన్నీ తగ్గుతాయి. మశూచి సోకి నడవలేని వాళ్ళను ఆ ఒడ్డున వదిలి వెళితే ఆ నీళ్ళు తాగి, అందులో మునిగి బతికారని ఇక్కడి ఆదివాసులైన క్రీ జనం తరతరాలుగా చెప్పుకుంటారు.

మందులచీటీ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, నేను ఇక్కడ ఫార్మసీలో పని చేస్తాను. అది వాళ్ళ కథ, గౌరవించాల్సిన కథ. దాన్ని చూపించి మశూచి తగ్గుతుందనడం వేరు. నీళ్ళు బరువు మోస్తాయి కాబట్టి కీళ్ళకు కాసేపు హాయిగా ఉంటుంది, అంతవరకు నిజం. అత్తయ్యగారికి రక్తపోటు, గుండె జబ్బు ఉంటే అక్కడి వేడినీళ్ళ కొలనులో ఎక్కువసేపు కూర్చోబెట్టవద్దు. మాత్రలు ఆపవద్దు.

ఉప్పుచేప
మాత్రలు ఆపమని నేను ఎక్కడన్నాను?

మందులచీటీ
మీరు అనలేదు. "అన్నీ తగ్గుతాయి" అని చదివిన వాళ్ళు ఆపేస్తారు. కౌంటర్ దగ్గర నేను రోజూ చూస్తున్నదే.

కొత్తకాపురం
సముద్రం ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంటే ఇంత ఉప్పు ఎక్కడిది?

సస్కటూన్_సత్యం
దారి లేక. వాన నీరు, మంచు నీరు మట్టిలోంచి వచ్చేటప్పుడు లవణాలు మోసుకొస్తాయి. ఉత్తరాన అయితే నదులు వాటిని సముద్రానికి తీసుకుపోతాయి. దక్షిణాన చాలా సరస్సులకు బయటికి పోయే వాగు లేదు. నీరు ఎండకు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. వేల ఏళ్ళుగా ఇదే జరుగుతోంది. ఇందులో మన వంట ఉప్పు తక్కువ, సోడియం, మెగ్నీషియం సల్ఫేట్లు ఎక్కువ. మూస్ జా దాటి ట్రాన్స్-కెనడా రోడ్డు మీద వెళుతుంటే చాప్లిన్ దగ్గర రోడ్డు పక్కన తెల్లటి కుప్పలు కనబడతాయి చూడండి. మంచు అనుకుంటారు. అది సోడియం సల్ఫేట్, బట్టల సబ్బు పొడిలోకి పోతుంది.

కొల్లేటి_కొంగ
చాప్లిన్ నా పుణ్యక్షేత్రం, దాని గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ ఉప్పు నీళ్ళలో చేపలు బతకవు, చిన్న చిన్న రొయ్యల వంటి పురుగులు కోట్లలో పెరుగుతాయి. దక్షిణ అమెరికా నుంచి ఆర్కిటిక్‌కు పోయే ఉల్లంకి పిట్టలు మే నెల చివర అక్కడ దిగి, మేసి, ఒళ్ళు చేసి మళ్ళీ లేస్తాయి. ఆ కొద్ది రోజుల మేత దొరక్కపోతే అవి అవతలికి చేరవు. పిట్టల మీద ఆసక్తి ఉంటే లాస్ట్ మౌంటెన్ లేక్ ఉత్తర కొసకు కూడా వెళ్ళండి. ఉత్తర అమెరికాలో ప్రభుత్వం పక్షుల కోసం కేటాయించిన మొదటి చోటు అది, 1887లో. శరదృతువులో కొంగలు వేలల్లో దిగుతాయి. నేను కొల్లేరు దగ్గర పెరిగాను, పెలికాన్లంటే చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇక్కడి తెల్ల పెలికాన్లను మొదటిసారి చూసి బండి రోడ్డు పక్కన ఆపేశాను, వెనక వాడు హారన్ కొట్టాడు.

పొలంగట్టు
ఉప్పు సరస్సులంటే పిట్టలు, పర్యాటకం అంటున్నారు. క్విల్ లేక్స్ వైపు రండి చెబుతాను. నేను ఆ చుట్టుపక్కల రైతులకు విత్తనాలు, ఎరువుల సలహాలు ఇస్తుంటాను. బిగ్ క్విల్ కెనడాలోనే అతి పెద్ద ఉప్పు సరస్సు. దానికీ బయటికి దారి లేదు. 2005 నుంచి వరసగా తడి ఏళ్ళు వచ్చి నీరు మీటర్ల లెక్కన పెరిగింది, పక్క సరస్సులు కలిసిపోయాయి, వేల ఎకరాల పొలం ఉప్పు నీళ్ళ కింద పోయింది. మామూలు వరద అయితే తీసేశాక మళ్ళీ విత్తవచ్చు. ఉప్పు వరద తీసినా ఆ నేల ఏళ్ళ తరబడి పంటకు రాదు. ఆ నీటిని లాస్ట్ మౌంటెన్ లేక్ వైపు మళ్ళిద్దామని ప్రతిపాదన వచ్చింది. కింది వాళ్ళు "మీ ఉప్పు మాకెందుకు" అన్నారు. వాళ్ళదీ తప్పని అనలేం.

చెరువుగట్టు
ఎగువన పొలాల్లో ఉన్న గుంటలన్నీ కాలువలు తీసి ఎండగట్టింది ఎవరు, పొలంగట్టు గారూ? ఆ నీళ్ళన్నీ ఒకేసారి ఎక్కడికి పోతాయి?

పొలంగట్టు
కొంత నిజం. అనుమతి లేని కాలువలు చాలా ఉన్నాయి. కానీ ఇరవై మీటర్ల విత్తే యంత్రం గుంట చుట్టూ తిప్పాలంటే ఎంత డీజిలు, ఎంత విత్తనం వృథా అవుతుందో ఒకసారి ట్రాక్టర్ ఎక్కి చూడండి. మెరక రైతు ఎండగడతాడు, పల్లపు రైతు మునుగుతాడు. ఇద్దరూ నా ఖాతాదారులే, ఇద్దరితోనూ కాఫీ తాగాలి.

చెరువుగట్టు
చెరువు శిఖాన్ని దున్నుకునే వాళ్ళు మన దగ్గరా ఇదే చెప్పేవారు.

కాలువల_కామేశం
నేను నీటిపారుదల శాఖలో పని చేసి రిటైరై ఇప్పుడు అమ్మాయి దగ్గరకు వచ్చాను. అల్లుడు లేక్ డీఫెన్‌బేకర్ చూపించాడు. 225 కిలోమీటర్ల పొడవు. సౌత్ సస్కాచెవాన్ నది మీద గార్డినర్ డ్యామ్ కట్టి నిలిపిన నీరు, మట్టి కట్ట పొడవు ఐదు కిలోమీటర్లు, ఎత్తు 64 మీటర్లు. ప్రారంభించింది 1967లో. మన సాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది కూడా 1967లోనే. నిల్వ మన లెక్కలో సుమారు 330 టీఎంసీలు.

సరే, ఆయకట్టు ఎంత అని అడిగాను. లక్ష ఎకరాల చిల్లర అన్నారు! సాగర్ కింద 22 లక్షల ఎకరాలు. కట్టినప్పుడు ఇక్కడా ఐదు లక్షల ఎకరాలు అనుకున్నారట. పడమటి వైపు కాలువ కొంత తవ్వి 1970ల్లో ఆపేశారు. మళ్ళీ 2020లో నాలుగు వందల కోట్ల డాలర్లతో ఇంకో ఐదు లక్షల ఎకరాలు తెస్తామని ప్రకటించారు. ఇన్ని నీళ్ళు పెట్టుకుని పొలానికి ఇవ్వకుండా నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పొలంగట్టు
కామేశం గారూ, ఇక్కడి రైతుకు ఐదు వేల ఎకరాలు ఉంటాయి. గోధుమ, కనోలా మంచు తేమ మీద, జూన్ వాన మీద పండుతాయి. నదీ లోయ లోతున ఉన్న నీటిని పైకి తోడాలి, గొట్టాలు వేయాలి, కరెంటు కట్టాలి. దానికి సరిపడా ధర వచ్చే పంట ఆలుగడ్డ వంటిది వేయాలి, దానికి కొనేవాడు ఉండాలి. వరి మళ్ళకు నీళ్ళు వదిలినట్టు ఇక్కడ కుదరదు.

కాలువల_కామేశం
పంట మార్చుకోవచ్చు. కోస్తాలో కూడా కాలువలు రాక ముందు ఊరూరా వరి లేదు. ఇంకొక సంగతి విని మాత్రం ముచ్చటేసింది. ఆల్బర్టా ఎగువ ప్రావిన్స్. తన గడ్డ మీద సహజంగా పారే నీటిలో సగం సస్కాచెవాన్‌కు వదలాలి, సస్కాచెవాన్ కూడా తన లెక్క ప్రకారం సగం మానిటోబాకు వదలాలి. 1969 ఒప్పందం, ఇప్పటికీ నడుస్తోంది. మన కృష్ణా ట్రిబ్యునల్ వేసింది కూడా 1969లోనే.

కొల్లేటి_కొంగ
మనదీ నడుస్తోంది కదండీ. కోర్టులో.

ఉప్పుచేప
డీఫెన్‌బేకర్‌ను సరస్సుల లెక్కలో వేయడం నాకు ఒప్పుదల కాదు. అది జలాశయం.

కాలువల_కామేశం
రిజైనాలో మీరు తాగే నీళ్ళు బఫెలో పౌండ్ లేక్ నుంచి వస్తాయి, ఆ బఫెలో పౌండ్‌కు డీఫెన్‌బేకర్ నుంచి క్యాపెల్ నదిలోకి వదిలితే వస్తాయి. పేరు ఏదైనా పెట్టుకుని ముందు గ్లాసు దించండి.

నెత్తళ్ళ_పులుసు
ఇంత పెద్ద చర్చలో ఎవరూ చేపల ఊసు ఎత్తలేదు. ఇక్కడివాళ్ళు పికెరెల్ అనే వాలై చేప పులుసుకు మెత్తన, వేపుడుకు బాగుంటుంది. జాక్‌ఫిష్‌లో ముళ్ళు ఎక్కువ, మన వాళ్ళకు అది లెక్క కాదు, పులుసుకు అదే సరి. పదహారు నిండిన వాళ్ళు లైసెన్సు తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రోజుకు ఎన్ని చేపలు ఉంచుకోవచ్చో ఒక్కో సరస్సుకు ఒక్కో లెక్క. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే సెలవులకు, జూలైలో ఒక వారాంతం లైసెన్సు లేకుండా పట్టనిస్తారు. ఆ రోజుల్లో కూడా లెక్క లెక్కే. మా బంధువు ఒకాయన "లైసెన్సే లేనప్పుడు లెక్క ఎందుకు" అని బకెట్ నింపి జరిమానా కట్టాడు.

పాలమూరు_పిల్ల
ఫిబ్రవరిలో చేపలా? మంచులో?

మంచుబాట
అసలు మజా అప్పుడే. బరమా తిప్పి మంచుకు చిల్లు పెట్టి, చిన్న గుడిసె వేసుకుని లోపల పొయ్యి వెలిగించుకుని కూర్చోవడమే. కానీ కొత్తవాళ్ళు ఈ కొలతలు రాసి పెట్టుకోండి: నడవడానికి కనీసం 10 సెంటీమీటర్ల మంచు, స్నోమొబైల్‌కు 20, కారుకు 30, పెద్ద ట్రక్కుకు ఇంకా ఎక్కువ. ఇవి గట్టి, నీలి రంగు మంచుకు. తెల్లగా, మబ్బుగా ఉన్న మంచు బలం తక్కువ. వాగు వచ్చి కలిసే చోట, వంతెనల దగ్గర, డ్యామ్ నీళ్ళు వదిలే చోట ఏ కొలతా నమ్మవద్దు. డీఫెన్‌బేకర్‌లో నీటిమట్టం మారుతుంటుంది, పైన మంచు అలాగే ఉండి కింద ఖాళీ ఏర్పడవచ్చు. గుడిసెలను పదహారో నంబరు రహదారికి దక్షిణాన మార్చి 15 లోపు, ఉత్తరాన మార్చి 31 లోపు తీసేయాలి. తీయకపోతే కరిగి నీళ్ళలో పడుతుంది, బిల్లు మనకు వస్తుంది.

నెత్తళ్ళ_పులుసు
ఇంకో ముఖ్యమైన జాగ్రత్త, గుడిసెలో పులుసు కాచవద్దు. వాసనకు పక్క గుడిసెల వాళ్ళందరూ వస్తారు, మనకు మిగలదు.

కడప_కుర్రాడు
నేను ఉత్తరాన గనిలో పని చేస్తాను, విమానంలో తీసుకెళ్ళి విమానంలో దింపుతారు. కిటికీలోంచి చూస్తే కొత్తకాపురం గారి లక్ష లెక్క నమ్మబుద్ధేస్తుంది, నేల కంటే నీళ్ళే ఎక్కువ ఉన్నట్టుంటుంది. ఆ సరస్సుల కింద యురేనియం ఉంది. సిగార్ లేక్‌లో ఖనిజం 450 మీటర్ల లోతున, నీళ్ళతో నిండిన ఇసుకరాయి కింద ఉంటుంది. 2006లో గని మునిగిపోయింది. చివరికి నేలను గడ్డకట్టించి, నీటి ధారతో ఖనిజాన్ని కోసి తీసే పద్ధతిలో 2014లో మొదలుపెట్టారు. 2015లో కుదిరిన ఒప్పందం ప్రకారం సస్కాచెవాన్ యురేనియం మన దేశం రియాక్టర్లకు కూడా వెళ్ళింది. మా ఊరి పక్కనే తుమ్మలపల్లె గని, అక్కడి ఖనిజంలో సరుకు చాలా తక్కువ, ఇక్కడిది ప్రపంచంలోనే అతి చిక్కనిది.

సరస్సులు చెడలేదా అంటే, పాత గనుల సంగతి వేరు. అథబాస్కా ఒడ్డున గన్నర్ గని 1964లో మూతపడింది. వ్యర్థాలను అలాగే వదిలి వెళ్ళారు, శుభ్రం చేసే పని ప్రభుత్వం నెత్తిన పడింది. యురేనియం సిటీ అని పేరుకు నగరం. 1982లో గని మూసేశాక జనం వెళ్ళిపోయారు, ఇప్పుడు కొన్ని ఇళ్ళే.

పాలమూరు_పిల్ల
నల్లమలలో యురేనియం వద్దని మా వాళ్ళు 2019లో ఎందుకు అంత గొడవ చేశారో ఇప్పుడు అర్థమైందా తమ్ముడూ?

కడప_కుర్రాడు
అక్కా, నా జీతం అందులోంచే వస్తుంది కాబట్టి నన్ను సాక్షిగా పిలవవద్దు. ఆ అథబాస్కాకే దక్షిణపు ఒడ్డున వంద కిలోమీటర్ల పొడవున ఇసుక తిన్నెలున్నాయి, అవి మాత్రం చూడాలి. రోడ్డు లేదు, నీటి మీద దిగే చిన్న విమానమో పడవో కావాలి. ఇంకెక్కడా మొలవని మొక్కలు ఆ ఇసుకలో ఉన్నాయి.

సస్కటూన్_సత్యం
ఉత్తరపు సరస్సుల పేర్లు ఎప్పుడైనా గమనించారా? చాలా వాటికి మనుషుల ఇంటిపేర్లు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఈ ప్రావిన్స్ సైనికుల పేర్లు అవి. సరస్సులు, దీవులు, అఖాతాలు కలిపి నాలుగు వేలకు పైగా అలా పెట్టారు. నా సహోద్యోగిని పెదతాత పేరున ఒక సరస్సు ఉంది. ఆవిడ ఇంతవరకు వెళ్ళలేదు, రోడ్డు లేదు. పటంలో దాని చుట్టూ సున్నా చుట్టి ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంది.

మందులచీటీ
ఉత్తరానికి వెళ్ళేవాళ్ళు కార్చిచ్చుల పొగ సంగతి కూడా చూసుకోండి. 2015లో లా రాంజ్ ఖాళీ చేయించారు, 2025లో మళ్ళీ. అదే ఏడాది అమిస్క్ లేక్ ఒడ్డున డెనారె బీచ్ ఊరు చాలావరకు కాలిపోయింది. పక్కనే అంత నీరు ఉండి కూడా. ఆస్తమా ఉన్న పిల్లలతో వెళ్ళేముందు గాలి నాణ్యత చూసి బయలుదేరండి.

కొత్తకాపురం
ఇన్ని చెప్పారు, సంతోషం. లిటిల్ మానిటూ బాగానే ఉంది కానీ మా చిన్నదానికి ఒంటి మీద దోమకాట్ల గీరుళ్ళు, ఉప్పు నీళ్ళలో దింపితే నా పని అయిపోతుంది. మంచినీటిది దగ్గరలో ఏదైనా?

చెరువుగట్టు
క్యాపెల్ లోయలో నాలుగు సరస్సులు వరసగా ఉన్నాయి: పాస్క్వా, ఎకో, మిషన్, కటెప్వా. గంట ప్రయాణం. నేల ఒక్కసారిగా కిందికి దిగి లోయ కనబడుతుంది, ప్రెయిరీ అంతా బల్లపరుపు అనుకున్న వాళ్ళు నోరు తెరుస్తారు. కటెప్వా దగ్గర పిల్లలకు ఇసుక ఒడ్డు ఉంది.

మందులచీటీ
ఆగస్టులో కాకుండా ఇప్పుడే వెళ్ళండి. వేసవి ముదిరాక ఆ నాలుగింట్లో నీలి-ఆకుపచ్చ నాచు పడుతుంది. పొలాల ఎరువుల్లోంచి, ఊళ్ళ మురుగులోంచి వచ్చే భాస్వరం దాని మేత. రిజైనా శుద్ధి చేసి వదిలే నీళ్ళు కూడా వస్కానా వాగు మీదుగా క్యాపెల్ నదిలోకే పోతాయి. నీళ్ళ మీద పచ్చ రంగు ఒలికినట్టు కనిపిస్తే పిల్లల్నీ కుక్కనూ దించవద్దు, అందులో విషం ఉండవచ్చు. బాగున్న నీళ్ళలో దిగినా బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడవండి. లేకపోతే నత్తల నుంచి వచ్చే ఒక రకం పురుగు వల్ల దురద పుడుతుంది, ప్రమాదం లేదు గానీ రెండు రాత్రులు నిద్ర ఉండదు.

కొత్తకాపురం
మా పక్కింటాయన గాలి పడవ ఇస్తానన్నాడు. దానికి కూడా ఏమైనా రూలు ఉందా?

మంచుబాట
మానిటోబా వైపు జీబ్రా ఆల్చిప్పలు పడ్డాయి, అవి ఇటు రాకూడదని పడవలు తనిఖీ చేస్తున్నారు. ఇంతకుముందు ఏ నీళ్ళలో వేశాడో అడగండి. కడిగి, నీళ్ళు ఒంపి, ఆరబెట్టి తీసుకెళ్ళండి. రోడ్డు మీద తనిఖీ కేంద్రం తెరిచి ఉంటే చిన్న పడవైనా ఆగాల్సిందే. మనిషికి ఒక లైఫ్ జాకెట్ తప్పనిసరి.

కొత్తకాపురం
అడిగాను. పోయిన ఏడాది మానిటోబాలోని విన్నిపెగ్ లేక్‌లో వేశాడట.

మంచుబాట
అయితే పడవ వద్దు. ఒడ్డున గవ్వలు ఏరుకోమనండి.

నెత్తళ్ళ_పులుసు
వెళుతున్నది ఏ ఆదివారం? మాకూ అటే పని ఉంది, గాలాలు నేను తెస్తాను, అన్నం మీరు వండుకురండి.